మీరు అడిగారు: బిగ్ బెన్‌లో కోడిపుంజు

గత సంచికలో ఈ పేజీలో గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ లండన్ మీద వేసిన బొమ్మ ఒకటి వేసి, కింద రెండు ముక్కలు రాశాం. బిగ్ బెన్ గడియార స్తంభం ఒక పెద్ద కోడిపుంజుతో కలిసిపోయి ఉండే బొమ్మ అది. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఇంకే విషయం మీదా రాలేదు. కొందరికి తెగ నచ్చింది, కొందరికి బొత్తిగా నచ్చలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ ప్రశ్నలకే ఇచ్చేశాం.

మేడమ్, మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, మేమూ వెళ్ళి అన్నీ చూసొచ్చాం. బిగ్ బెన్ ఎంత ఠీవిగా ఉంటుందో! మీరు వేసిన బొమ్మలో కోడి కన్ను గడియారమట. నిజం చెప్పాలంటే మా మనవరాలు వేసే బొమ్మలకీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇందులో అంత గొప్పేముంది? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

మీ మనవరాలితో పోల్చడంలో తప్పేం లేదండీ. పిల్లలూ ఆయనా ఒక విషయంలో ఒకేలా పనిచేస్తారు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు దించాలని చూడరు, దాని గురించి తమకు తెలిసింది వేస్తారు. కాకపోతే ఆయనకు తెలిసినదాని వెనక తరాల నాటి కథలూ పాటలూ ఉన్నాయి, చేతిలో ఏళ్ళ సాధన ఉంది.

ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే బొమ్మ వేరేగా కనిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లో, ఇప్పటి దిండోరి జిల్లాలో, పాటన్‌గఢ్ అని ఒక ఊరు. భజ్జు శ్యామ్ అక్కడ 1971లో పుట్టాడు. ప్రధాన్ గోండులు వాళ్ళు. గోండు కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి బానా అనే తీగల వాద్యం వాయిస్తూ వంశకథలూ దేవుళ్ళ కథలూ పాడటం వాళ్ళ వృత్తి. ఇంటి గోడల మీద, నేల మీద ఆడవాళ్ళు డిగ్నా అనే ముగ్గులు వేస్తారు. వాళ్ళమ్మ గోడకు బొమ్మలు వేస్తుంటే ఆమె చేతికి అందని పైభాగం ఈయన వేసేవాడట. ఊళ్ళో బతుకుదెరువు లేక చిన్న వయసులోనే బయటపడ్డాడు. అమర్‌కంటక్‌లో మొక్కలు నాటాడు, భోపాల్ వచ్చి రాత్రి కాపలా కాశాడు, ఎలక్ట్రీషియన్ పని చేశాడు. ఆ తర్వాత బాబాయి వరసయ్యే జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర బొమ్మల పనిలో చేరాడు. మొదట్లో పని అంటే బాబాయి గీసిన గీతల మధ్య చుక్కలూ సన్నగీతలూ నింపడమే.

2002లో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక భారతీయ రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేసే పని వచ్చింది. భజ్జు, ఆయనతోపాటు రామ్ సింగ్ ఉర్వేతి అనే ఇంకో గోండు చిత్రకారుడు వెళ్ళారు. ఉన్నది రెండు నెలలు. ఇంగ్లీషు రాదు. తిరిగొచ్చాక తను చూసిన లండన్‌ను వరసగా బొమ్మలు వేశాడు. ఆయన నోట చెప్పినదాన్ని చెన్నైలోని తారా బుక్స్ ప్రచురణ సంస్థ వాళ్ళు, గీతా వుల్ఫ్, సిరీష్ రావు కలిసి, మాటల్లో పెట్టారు. అదే 2004లో ‘ద లండన్ జంగిల్ బుక్’గా వచ్చింది. మీరు చూసిన కోడి దాని అట్ట మీద బొమ్మే.

ఇక కోడి సంగతి. పాటన్‌గఢ్‌లో టైమ్ చెప్పేది కోడిపుంజు, లండన్‌లో టైమ్ చెప్పేది ఆ స్తంభం. రెండు కాలాలూ అక్కడ కలుసుకున్నాయి. కోడి కన్ను గుండ్రంగా ఉంటుంది, గడియారం ముఖమూ గుండ్రంగానే ఉంటుంది, అంచేత ఒకటి రెండోదైపోయింది. తొలికోడి కూతతో లేచి పొలం పోయిన తరం మనకూ ఉంది కదండీ, ఈ బొమ్మను మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే ఆయన బిగ్ బెన్ ఎత్తు చూసి బెదిరిపోలేదు, మా ఊరి కోడి కంటే ఇది గొప్పది అనీ అనుకోలేదు. ఇదీ మా కోడి చేసే పనే చేస్తోంది అనుకున్నాడు. రెండిటినీ పక్కపక్కన సమానంగా నిలబెట్టాడు.

మిగతావీ అంతే. ఆయన రోజూ పనికి వెళ్ళింది 30వ నంబరు బస్సులో. భాష రాని ఊళ్ళో ఆ ఒక్క నంబరు పట్టుకుంటే చాలు, తీసుకెళ్ళి దింపుతుంది, మళ్ళీ తీసుకొస్తుంది, అందుకే ఆ బస్సు నమ్మకమైన కుక్క అయింది. భూమి కింద నడిచే రైలు పెద్ద వానపాము అయింది. గోండుల కథల్లో భూమి కింద ఇంకో లోకం ఉంది, అక్కడ వానపాముకు పెద్ద స్థానమే ఉంది. మనం ఫస్ట్ టైమ్ మెట్రో ఎక్కినప్పుడు ఎస్కలేటర్ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాం, ఆయన భూమి కిందికి దిగినప్పుడు వానపాము రాజ్యంలోకి వచ్చానని తెలుసుకున్నాడు. విమానం సంగతి కూడా చెప్పాలి, అంత బరువు గాల్లోకి లేవడం ఆయనకు ఏనుగు ఎగిరినంత వింత, అందుకని రెక్కల ఏనుగునే వేసేశాడు. పగలంతా కనిపించని ఇంగ్లీషువాళ్ళు పొద్దుగూకగానే పబ్బుల్లోకి గుంపులుగా వచ్చేస్తారు కాబట్టి వాళ్ళు గబ్బిలాలు. ఇందులో వెక్కిరింత లేదు, గోండు ఊరి మనిషికి గబ్బిలం అసహ్యించుకునే జీవి కాదు, అడవిలో ఉండే వాటిలో అదీ ఒకటి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1940లలో వెరియర్ ఎల్విన్ అనే ఆంగ్లేయుడు ఇదే పాటన్‌గఢ్‌లో కాపురం ఉండి, ఆ ఊరి అమ్మాయినే పెళ్ళి చేసుకుని, గోండుల జీవితం గురించి పుస్తకాలు రాశాడు. అర్ధ శతాబ్దం దాటాక ఆ ఊరి మనిషి లండన్ వెళ్ళి, ఇంగ్లీషువాళ్ళు ఎలా బతుకుతారో బొమ్మలేసి ప్రపంచానికి చూపించాడు. ఎంతసేపూ అడవి మనుషుల్ని బయటివాళ్ళు వర్ణించడమే చూశాం. ఇక్కడ అడవి మనిషి నగరాన్ని వర్ణించాడు, అదీ ఎవరి చూపూ అరువు తెచ్చుకోకుండా. మీరు అడిగిన గొప్పతనం నా మటుకు నాకు ఇక్కడే ఉంది. 2018లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి గొప్పవాడని చెప్పడం లేదు.

జానపద కళ అంటే దేవుళ్ళు, చెట్లు, జంతువులు, పల్లె. బస్సులూ విమానాలూ వేస్తే దాన్ని జానపద కళ అని ఎలా అంటాం? ఇలా మార్చుకుంటూ పోతే సంప్రదాయం మిగులుతుందా? (రాజమండ్రి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

మాస్టారూ, మీ దిగులు నాకు అర్థమవుతుంది. కానీ మీతో ఒప్పుకోలేను.

మనం ఇవాళ గోండు చిత్రం అంటున్నది, అంటే కాగితం మీద, కాన్వాసు మీద రంగులతో వేసేది, పుట్టి యాభై ఏళ్ళు కూడా నిండలేదు. గోడల మీద ముగ్గులు పాతవే. భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కడుతున్న రోజుల్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పల్లెల్లో కళాకారుల్ని వెతకమని జట్లను పంపాడు, 1981లో వాళ్ళకు పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద బొమ్మ కనిపించింది. అది వేసిన కుర్రాడే జన్‌గఢ్. అతన్ని భోపాల్ తీసుకొచ్చి కాగితం, రంగులు ఇచ్చారు. అప్పటిదాకా పాటలో మాత్రమే ఉన్న గోండు దేవుళ్ళకు అతను రూపం ఇచ్చాడు. మీరు సంప్రదాయం అనుకుంటున్న ఆ దేవుళ్ళ బొమ్మలు కూడా ఒక కుర్రవాడు ధైర్యం చేసి కొత్తగా వేసినవే. 1989లో అతని బొమ్మలు పారిస్‌లో పాంపిదూ సెంటర్ దాకా వెళ్ళాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా మనసు కలుక్కుమంటుంది.

నగరాన్ని వేయడం కూడా కొత్త కాదు. 19వ శతాబ్దంలో బెంగాల్ పల్లెల నుంచి పటాలు వేసే పటువాలు కలకత్తా చేరి కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులకు బొమ్మలు అమ్మారు. కాళికను వేశారు, శివుణ్ణి వేశారు, వాళ్ళతోపాటు నున్నగా తల దువ్వుకుని షోకు చేసే కలకత్తా బాబుల్నీ వేశారు. 1873లో తారకేశ్వర్‌లో ఒక భర్త భార్యను చంపిన కేసు ఊరంతా మార్మోగితే, దాన్నీ కోర్టు దాకా వరసగా బొమ్మలు కట్టారు. ఇవాళ ఆ బొమ్మల్ని మ్యూజియంలో పెట్టి సంప్రదాయం అంటున్నాం. వేసినప్పుడు అవి ఆ వారం వార్తలు.

పల్లె మనిషి బస్సెక్కుతాడు, ఫోన్ మాట్లాడతాడు, కూలికి సిటీకి వెళ్తాడు. కుంచె పట్టుకోగానే మాత్రం నెమలీ జింకా తప్ప ఇంకేం చూడనట్టు ఉండమనడం న్యాయం కాదు మాస్టారూ. అలా ఉండమని అడుగుతున్నది కొనేవాళ్ళే, వాళ్ళ డ్రాయింగ్ రూముకు పల్లె కావాలి కాబట్టి.

మేడమ్, అన్నీ మగవాళ్ళ పేర్లే చెప్పారు. నగరాన్ని వేసిన జానపద చిత్రకారిణులు లేరా? (హనుమకొండ నుంచి ఎం.ఏ. చదువుతున్న పాఠకురాలు)

ఉన్నారమ్మా, భజ్జు కంటే ముందే ఉన్నారు. గంగాదేవి గురించి చదువు. బీహార్‌లోని మధుబని ప్రాంతం ఆమెది. పిల్లలు లేరని భర్త ఇంకో పెళ్ళి చేసుకుంటే, చేతిలో ఉన్న గీతనే నమ్ముకుని నిలబడింది. 1984లో పద్మశ్రీ వచ్చింది, 1985లో అమెరికాలో భారత ఉత్సవాలకు వెళ్ళింది. అక్కడ చూసినవి వచ్చి వేసింది: రోలర్ కోస్టర్, వాషింగ్టన్‌లోని స్మారక స్తంభం, దాని చుట్టూ జనం, వాహనాలు. ఆ రోలర్ కోస్టర్ బొమ్మ దొరికితే తప్పకుండా చూడు. కొత్త దంపతులకిచ్చే కోహ్‌బర్ గదిలో తామరతీగ ఎంత శ్రద్ధగా గీస్తుందో, ఆ ఇనుప పట్టాల మెలికలూ అంతే శ్రద్ధగా గీసింది. తర్వాత క్యాన్సర్ వచ్చి ఢిల్లీలో చికిత్స తీసుకుంటూ ఆసుపత్రినీ వేసింది, మంచాన్నీ డాక్టర్లనూ సూదులనూ. మధుబని గీతలో ఆసుపత్రి వార్డు ఎలా ఉంటుందో ఊహించుకో. 1991లో పోయింది.

ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఆమె ఒక గది గోడలన్నీ నింపి కోహ్‌బర్ వేసింది. 2015లో మరమ్మతుల పేరుతో ఆ గోడల్ని చెరిపేశారు. ఒక పెద్ద ఆయిల్ పెయింటర్ పని అయితే అలా సున్నం కొట్టేసేవాళ్ళా? ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

భూరీబాయి ఇంకొకరు. భిల్లు మహిళ, ఝాబువా జిల్లా నుంచి భోపాల్ వచ్చి భారత్ భవన్ కట్టే చోట ఇటుకలు, మట్టి మోసింది. అక్కడే స్వామినాథన్ ఆమె చేత కాగితం మీద బొమ్మలు వేయించాడు. ఆమె బొమ్మల్లో చెట్లూ జంతువులతోపాటు విమానాలు, బస్సులు మామూలుగా కనిపిస్తాయి. తను మట్టి మోసిన భవనం తన బొమ్మలు దాచుకునే చోటు అయింది. 2021లో పద్మశ్రీ. ఇంకా తేజూ బెన్, రాజస్థాన్ మూలం, భర్తతో కలిసి ఊరూరా పాడుకుంటూ చివరికి అహ్మదాబాద్ చేరింది. నల్ల పెన్నుతో చుక్కలు, గీతలు, అంతే. ఆమె గీసిన నగరంలో సైకిళ్ళ మీదా కార్లలోనూ విమానంలోనూ ఆడవాళ్ళే ఉంటారు. నీ చదువుకు పనికొచ్చే విషయం అనిపిస్తే ప్రాజెక్టుగా తీసుకో, తెలుగులో ఈ ముగ్గురి మీదా రాయాల్సింది చాలా ఉంది.

మాది ఉట్నూరు వైపు. మా బడిలో గోండు పిల్లలు, ప్రధాన్ పిల్లలు ఉన్నారు. భజ్జు శ్యామ్ బొమ్మలు ప్రింట్ తీసి వాళ్ళ చేత వేయిద్దామనుకుంటున్నాను. “ఇది మీ కళే” అని చెప్తే పిల్లలకు గర్వంగా ఉంటుంది కదా? (ఒక టీచర్)

సార్, బొమ్మలు చూపించండి, తప్పకుండా చూపించండి. కానీ చూసి దించమని మాత్రం చెప్పకండి.

బంధుత్వం నిజమే. మన ఆదిలాబాద్ ప్రధాన్‌లు కూడా గోండు కుటుంబాలకు కథలు పాడేవాళ్ళే, పాటన్‌గఢ్‌లో బానా అయితే ఇక్కడ కిక్రి. కేస్లాపూర్ నాగోబా జాతరలో మీ పిల్లలు అది విని ఉంటారు. కానీ ఆ చుక్కల బొమ్మల పద్ధతి పాటన్‌గఢ్ గోడల మీద మొదలై భోపాల్‌లో ఎదిగింది. మీ పిల్లల ఇళ్ళల్లో ఉన్నవి వేరు, గుస్సాడీ నాట్యంలో పెట్టుకునే నెమలి ఈకల టోపీ ఉంది, పోత పని చేసే ఓజల ఇత్తడి బొమ్మలున్నాయి, ఏ ఇంటి ముగ్గు ఆ ఇంటిదే. ఇంకో సంగతి, భోపాల్ గోండు చిత్రకారుల్లో ఒకరు లోపల నింపే గీత ఇంకొకరు వాడరు, అది వాళ్ళ సంతకం కిందే లెక్క. దాన్ని పిల్లల చేత కాపీ కొట్టిస్తే నేర్పేది ఏమీ ఉండదు.

ఇలా చేసి చూడండి. భజ్జు బస్సును కుక్కగా ఎందుకు వేశాడో కథలా చెప్పండి. తర్వాత ఉట్నూరు బస్టాండు, ఆసుపత్రి, గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు, ఆదిలాబాద్ వెళ్ళే బస్సు, ఇవన్నీ మీకు ఏ జంతువులా అనిపిస్తాయి అని అడగండి. ఆఫీసు ముందు తల్లిదండ్రులతో గంటలు గంటలు కూర్చున్న పిల్లాడు ఏం వేస్తాడో చూడాలని నాకూ ఉంది. వేశాక రెండు మూడు బొమ్మలు మాకు పంపండి, పిల్లలూ పెద్దవాళ్ళూ సరే అంటే ఈ పేజీలో వేస్తాం.

కొత్త ఫ్లాట్ కొన్నాం, కూకట్‌పల్లిలో. హాల్లో పెట్టుకోడానికి చేర్యాల స్టైల్లో చార్మినార్ బొమ్మ వేయించుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో ప్రింట్లు చవగ్గా వస్తున్నాయి, ఆర్టిస్టు దగ్గరికి వెళ్తే ఎక్కువ అంటున్నారు. ఏం చేయమంటారు? ఒక ఫొటో పంపితే అలాగే వేస్తారా? (హైదరాబాద్ నుంచి ఒక జంట)

ప్రింటు కొనకండి. చార్మినార్ ఫొటోయే కావాలంటే మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర కొనుక్కోండి, అదీ బాగుంటుంది. చేర్యాల పేరు మీద మిషన్ ప్రింటు కొంటే ఆ పటాలు వేసే నకాశీ కళాకారుడికి ఒక్క రూపాయి వెళ్ళదు.

చేర్యాల పటం అంటే ఏమిటో కాస్త చెప్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది ఏం అడగాలో. అది గోడకు తగిలించే బొమ్మగా పుట్టలేదు. కథ చెప్పేవాళ్ళు జనం మధ్య నిలబెట్టి, పైనుంచి కిందికి ఒక్కో గడి చూపిస్తూ పాడటానికి పుట్టింది. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం, గౌడలకు గౌడ జెట్టీలు, ముదిరాజులకు కాకి పడగలవాళ్ళు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, దానికో పటం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి గట్టి చేస్తారు. బొమ్మల వెనక నేపథ్యం ఎర్రరంగు. ఆ పటాల్లో దేవుడి కథ మధ్యలోనే కల్లుగీత కార్మికుడు చెట్టెక్కుతాడు, మగ్గం నడుస్తుంది, వంట అవుతుంది. అంటే మన చుట్టూ జరిగే బతుకును వేయడం వాళ్ళకు ఎప్పట్నుంచో వచ్చు.

అందుకని ఫొటో పంపి అలాగే దించమనొద్దు. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్లు వాళ్ళకూ తెలుసు. వీలైతే సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలకే వెళ్ళండి, హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కూర్చుని మీ కథ చెప్పండి. మీ ఇద్దరూ ఏ ఊరి నుంచి వచ్చారు, సిటీలో మొదట ఎక్కడ అద్దెకున్నారు, ఏ రూటు బస్సులో తిరిగారు, ఏ హోటల్లో చాయ్ తాగేవాళ్ళు, ఫ్లాట్ లోన్ కోసం ఎంత టెన్షన్ పడ్డారు. చార్మినార్ ఒక గడిలో ఉంటుంది, మెట్రో ఇంకో గడిలో, మీ అమ్మానాన్నలు ఊరి నుంచి దిగిన బస్టాండు ఇంకోదాంట్లో. గోడ కొలత చెప్పండి, కొంత అడ్వాన్స్ ఇవ్వండి, ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళనే చెప్పనివ్వండి, తొందర పెట్టకండి. గృహప్రవేశం తేదీకి అందకపోతే తర్వాతే తగిలించుకోండి.

రేటు దగ్గర బేరం ఆడకండి. ఫ్లాటుకు చదరపు అడుగుకు ఇంత అని కట్టాం కదా, అక్కడ ఎంత బేరం ఆడగలిగాం? బొమ్మ కింద కళాకారుడి పేరు రాయించుకోండి, ఇంటికి వచ్చినవాళ్ళు అడిగితే “చేర్యాల పెయింటింగ్” అని ఊరుకోకుండా ఆ పేరు చెప్పండి. ఫ్లైఓవర్ల కింద, ఎయిర్‌పోర్టుల్లో జానపద బొమ్మలు ఎన్ని చూసినా వేసినవాళ్ళ పేరు చాలాచోట్ల కనిపించదు. మీ హాల్లో అయినా కనిపించనివ్వండి.

భజ్జు శ్యామ్, భూరీబాయి లాంటి వాళ్ళ బొమ్మలు నేరుగా చూడాలంటే ఎక్కడికెళ్ళాలి? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

భోపాల్ వెళ్ళండి. భారత్ భవన్‌లోని రూపంకర్ మ్యూజియం, 2013లో తెరిచిన మధ్యప్రదేశ్ ట్రైబల్ మ్యూజియం, రెండూ చూడాల్సినవే. ట్రైబల్ మ్యూజియంలో భూరీబాయి తన జీవితకథను పొడవాటి గోడ నిండా వేసింది, పుట్టిన ఊరి నుంచి కూలి పని, ఆ తర్వాత విమాన ప్రయాణం దాకా, దాని దగ్గర నిలబడి నెమ్మదిగా చూడండి. భారత్ భవన్‌కు సోమవారం సెలవు, అది చూసుకుని టికెట్ వేసుకోండి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే కొన్ని రైళ్ళు భోపాల్ మీదుగానే వెళ్తాయి. అంతదూరం కుదరకపోతే తారా బుక్స్ వాళ్ళ పుస్తకాలు తెప్పించుకోండి, వాటిలో కొన్ని చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసినవి కాబట్టి రంగు బాగా నిలుస్తుంది.